పసుపుగుడ్డలో పది నిమిషాల సినిమా

‘‘కెమెరా ఉండాదన్నా. ఎడిటింగు మావోడే చేస్తాడు. హీరో ఈడే ఉండాడు. కథే... యాడా దొరకలే!’’

తిరుపతిలో ఏ కాలేజీ గేటు ముందైనా, టీకొట్టు దగ్గర ఓ పావుగంట నిలబడండి. పరీక్షలూ ప్రేమలూ క్రికెట్టూ అయ్యాక మాట ఎలాగూ షార్ట్‌ఫిల్మ్ మీదికే వస్తుంది. కాలేజీ ఫెస్టులో పోటీ ఉంది. గడువు సోమవారం. ఇవాళ గురువారం. చేతిలో ఉన్నదల్లా ఒక ఫోనూ, నలుగురు స్నేహితులూ, తలా ఐదొందల చందా. లేనిది ఒక్కటే.

ఇరవై, పాతికేళ్ల కిందట ఈ బాధ తలకిందులుగా ఉండేది. అప్పుడు కథలు ఉండేవి, కెమెరా ఉండేది కాదు. పెళ్లిళ్లకు వీడియో తీసే స్టూడియో అతన్ని బతిమాలి, ముహూర్తాలు లేని రోజు చూసుకుని, ఒక్క పూట అద్దెకు తెచ్చుకుంటే గొప్ప. కాబట్టి కెమెరా చేతికొచ్చేలోగా కథ పదిసార్లు నలిగేది. ఇప్పుడు మనసులో అనుకోగానే ఫోను తీసి మొదలెట్టేయొచ్చు. నలిగే టైమే లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రాత్రి హాస్టల్ గదిలో ఐదుగురూ కూర్చుంటారు. పన్నెండయ్యేసరికి నోటుపుస్తకంలో నాలుగు కథలు తేలతాయి. ఒకటి- ప్రేమించిన అమ్మాయి మోసం చేస్తే కుర్రాడు రైలు పట్టాల మీదికి నడవడం. రెండు- నాన్న త్యాగం. చివర్లో నాన్న పోయాక కొడుక్కి తెలియడం. మూడు- భయంకరమైన హత్య. తీరా చూస్తే అంతా కల. నాలుగోది చెప్పక్కర్లేదు, ఎర్రచందనం! అందులో హీరో ఒక భుజం పైకెత్తి నడుస్తాడు.

ఈ నాలుగింట్లోనూ ఓ పోలిక ఉంది. వీటిలో ఒక్కటీ ఆ ఐదుగురు కళ్లారా చూసింది కాదు. అన్నీ వేరే సినిమాల్లో చూసినవే.

శేషాచలం మారేడుమిల్లికి వెళ్లింది

ఎర్రచందనం సంగతే తీసుకోండి. 2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చినప్పుడు చిత్తూరు యాస దేశమంతా మోగింది. ఆ పాత్రకు అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఒక తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. బాగానే ఉంది. కానీ సినిమాలో మనం చూసిన శేషాచలం అడవిలో చాలా భాగం శేషాచలం కాదు, గోదావరి జిల్లా వైపున్న మారేడుమిల్లి. అంతపెద్ద యూనిట్‌కి ఎక్కడ వీలైతే అక్కడ తీసుకుంటారు, తప్పేం లేదు. తమాషా ఏమిటంటే- హాస్టల్ మేడ ఎక్కితే అసలు శేషాచలం కొండలు ఎదురుగా కనిపించే కుర్రాడు, మారేడుమిల్లిలో తీసిన శేషాచలాన్ని చూసి కథ రాసుకుంటున్నాడు! నకలుకు నకలన్నమాట.

అసలు ఎర్రచందనం కథ వేరే ఉంది. 2015 ఏప్రిల్ 7న ఇదే కొండల్లో పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన మనుషులు. చెట్టు నరికే చేతికి దక్కేదెంత, దుంగ ఓడ ఎక్కాక దాని ధరెంత అన్న ప్రశ్నలో ఉన్న కథ భుజం ఎత్తి నడిచే నడకలో లేదు. అయితే శుక్రవారం అనుకుని ఆదివారం తీసేసే కథ కూడా కాదది. ఆ ఊళ్లకు వెళ్లి, ఆ ఇళ్లలో కూర్చుని, వాళ్లు చెప్పింది విన్నాక తీయాల్సింది. అంత ఓపిక ఉంటే తీయండి. లేకపోతే వదిలేయడమే మర్యాద.

గోడ మీది రాత

మరి దగ్గర్లో ఉన్న కథను పట్టుకోవడం ఎలా? దీనికి ఎక్కడో వెతకక్కర్లేదు. తిరుపతి కుర్రాడు ఒకరు, చిత్తూరు కుర్రాడు ఒకరు... ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నారు. రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. సినిమా వాళ్లకు రాజ్ అండ్ డీకే అంటే తెలుస్తుంది. చదువయ్యాక అందరిలాగే అమెరికా వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరారు. సినిమా స్కూలు మెట్లెక్కలేదు. 2002లో ఒక షార్ట్‌ఫిల్మ్ తీశారు, ‘షాదీ డాట్ కామ్’ అని. మరుసటి ఏడాదే ‘ఫ్లేవర్స్’ అనే ఇంగ్లిషు సినిమా. అదీ దేని గురించి? అమెరికాలో ఉంటున్న మనవాళ్ల గురించే. అంటే అప్పుడు తమ చుట్టూ ఏముందో దాన్నే పట్టుకున్నారు. తర్వాత హిందీకి వెళ్లి, ‘ది ఫ్యామిలీ మ్యాన్’ సిరీస్‌తో ఇంటింటికీ తెలిశారు.

వాళ్ల సినిమాల్లో మన విద్యార్థులు శ్రద్ధగా చూడాల్సింది 2018లో వచ్చిన ‘స్త్రీ’. దర్శకుడు అమర్ కౌశిక్, కథా స్క్రీన్‌ప్లే వీళ్లిద్దరివి. రాత్రిళ్లు ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు తడుతుంది. అది లోపలికి రాకుండా ఊళ్లో ప్రతి గోడ మీదా ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాసిపెడతారు. పాపం చదువుకున్న దెయ్యం... చదివి వెళ్లిపోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుతుంది!

ఈ మాట వినగానే నలభై దాటిన తెలుగువాళ్లకు నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ రాత మన గోడల మీదిదే. ఒకానొక కాలంలో మన ఊళ్లలో సున్నం కొట్టిన గోడల మీద బొగ్గుతోనో ఎర్రమట్టితోనో అవే అక్షరాలు కనిపించేవి. కర్ణాటకలో ‘నాళె బా’ అని రాసుకునేవారు, అర్థం అదే. ఆ రాతను వేలమంది చూశారు, భయపడ్డారు, పెద్దయ్యాక నవ్వుకున్నారు, సున్నం కొట్టి చెరిపేశారు. రెండు దశాబ్దాలు దాటాక అది సినిమా కథ అయ్యింది, మధ్యప్రదేశ్‌లోని చందేరీకి వెళ్లి హిందీ మాట్లాడింది, కోట్లు తెచ్చింది.

మీ ఊరి గోడ మీద ఇవాళ ఏం రాసి ఉంది? నిజంగానే ఒకసారి చూసి రండి. ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ అన్న దగ్గర ఎవరో అంటించిన దేవుడి పటాల టైల్స్ ఉంటాయి. ఆ టైల్స్ అంటించిన రోజు ఏం జరిగి ఉంటుంది? దేవుణ్ణి కాపలా పెట్టాలన్న ఆలోచన మొదట ఎవరికొచ్చింది? ఏ దేవుణ్ణి పెట్టాలన్న దగ్గర వీధిలో గొడవ కాలేదా? చూశారా, ఐదు నిమిషాల నవ్వుల సినిమా ఆ గోడ దగ్గరే నిలబడి ఉంది.

జిల్లా పేజీ ఉందిగా...

వాళ్లదే ఇంకో సినిమా ‘షోర్ ఇన్ ద సిటీ’, 2011లో వచ్చింది. ముంబయి పత్రికల్లో చిన్న వార్తలుగా వచ్చిన సంఘటనల నుంచి అల్లుకున్నారు దాన్ని. మనకూ పత్రికలున్నాయి. మొదటి పేజీ వదిలేయండి, అది అందరూ చూస్తారు. జిల్లా పేజీల్లో లోపలెక్కడో నాలుగు లైన్లలో వచ్చేవే కత్తిరించి దాచుకోండి. అంత చిన్న వార్తలో ఏం జరిగిందో మాత్రమే ఉంటుంది. ఆ మనిషి ఆ ముందురోజు రాత్రి ఏమనుకున్నాడో ఉండదు. ఆ ఖాళీయే మీది.

ఉదాహరణకి 2025 జూన్. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి విరగకాసింది. ధర పడిపోయింది. కిలోకి 12 రూపాయలు రైతుకి దక్కాలని ప్రభుత్వం చెప్పింది. గుజ్జు ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, మిగతా 4 ప్రభుత్వం ఇస్తుంది. పక్క రాష్ట్రం కాయ రాకుండా సరిహద్దులో ఆపితే, కర్ణాటక ముఖ్యమంత్రి మనకు ఉత్తరం రాసేదాకా పోయింది వ్యవహారం. ఇదంతా వార్త. దీన్నంతా సినిమాలో చెప్పాలని చూస్తే అది డాక్యుమెంటరీ కూడా కాదు, ఉపన్యాసం అవుతుంది.

కథ ఎక్కడుందంటే ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో. కిలోమీటర్ల కొద్దీ ట్రాక్టర్లు. ఒక ట్రాక్టరు మీద తండ్రీ కొడుకూ. రెండో రాత్రి. కాయలు పండుతున్నాయి, వాసన వస్తోంది. వాసన పెరిగిన కొద్దీ ధర తగ్గుతుంది. వరుస ఒక బండి పొడుగు ముందుకు జరిగితే నిద్రలోంచి లేచి జరపాలి, లేకపోతే వెనకవాడు దూరతాడు. సినిమావాళ్లు గడియారం ముల్లు చూపించి టెన్షన్ పెడతారే, ఇక్కడ గడియారం మామిడికాయే! ఒక ట్రాలీ, ఒక టార్చిలైటు, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి. తలా ఐదొందల చందాలో అయిపోతుంది.

పలమనేరు, కుప్పం వైపు కుర్రాళ్లకు ఇంకోటుంది. కౌండిన్య అభయారణ్యం పక్క పొలాల్లో ఏనుగుల బాధ ఏళ్ల తరబడి ఉన్నదే. వాటిని తరమడానికి 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులు కూడా వచ్చాయి. ‘ఏనుగును ఎక్కడ తెస్తాం సార్’ అంటారేమో. తేవద్దు. రాత్రి మంచె మీద ఒక రైతు, చేతిలో రేకు డబ్బా. చీకట్లో చెరకు విరుగుతున్న చప్పుడు. అంతే. ఏనుగు కనిపించకపోతేనే ఇంకా భయమేస్తుంది. డబ్బుల్లేకపోవడం ఒక్కోసారి మంచి దర్శకుడి పని చేసిపెడుతుంది.

ఒక రొట్టె, ఒక కుక్క

ఇంత చిన్న విషయం సినిమాకు చాలుతుందా అని అనుమానం రావడం సహజం. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ 1970లో తీసిన మొట్టమొదటి సినిమా పది నిమిషాలది. పిల్లాడు రొట్టె కొనుక్కుని ఇంటికెళ్తుంటాడు. సందులో కుక్క అడ్డంగా ఉంటుంది. ఎలా దాటాలి? అంతే కథ. పెద్దాయన ఒకరు వస్తే ఆయన వెనక నక్కి నడుస్తాడు, ఆయన మధ్యలోనే వేరే సందులోకి తిరిగిపోతాడు. చివరికి ఓ రొట్టెముక్క విసిరితే కుక్క తోకాడిస్తూ వెంటపడుతుంది. ప్రపంచంలో ఏ పిల్లాడికైనా అర్థమయ్యే సినిమా. మాటలు లేవు.

సత్యజిత్ రే 1964లో ‘టూ’ అని పావుగంట సినిమా తీశారు. అందులోనూ మాటలు లేవు. మేడలో బొమ్మలున్న పిల్లాడు, కింద గుడిసెలో పిల్లనగ్రోవి ఉన్న పిల్లాడు. ఒకడు ఊదితే ఇంకొకడు బూరా తెస్తాడు. ఒకడు గాలిపటం ఎగరేస్తే ఇంకొకడు తుపాకీతో కొట్టేస్తాడు. ఇద్దరు పిల్లలూ ఒక కిటికీ... కానీ చూశాక చాలాసేపు మనసులోంచి పోదు.

రెంటిలోనూ ఒక మనిషికి ఒకటి కావాలి. ఒకటి అడ్డంగా ఉంది. ‘పేదరికం’ మీద తీద్దాం, ‘మానవత్వం’ మీద తీద్దాం అని మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అవి విషయాలు. వాటిని కెమెరా ముందు నిలబెట్టలేం. కుక్కను నిలబెట్టొచ్చు.

చీర కట్టే ముందు

ఇక్కడ తిరుపతి వాళ్లు గంగమ్మ జాతర ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఏటా మే నెలలో ఊరంతా వేషం వేసుకునే పండగ అది. ఆడవాళ్లను చెరబడుతున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసిందని కథ. బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషంలో వాణ్ణి దొరికించుకుని తల నరికింది. వాడు పోయాక వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి మాతంగి వేషంలో వెళ్లింది. ఆ చివరి ముక్క చూడండి! శత్రువును చంపి, మళ్లీ వాడి ఇంటికి పరామర్శకు వెళ్లే దేవత. ఇలాంటి మలుపు మన స్క్రీన్‌ప్లేల్లో ఎంతమంది రాయగలరు?

మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి తాతయ్యగుంట గుడికి వెళ్తారు. 2024 డిసెంబరులో ‘పుష్ప-2’లో హీరో చీర కట్టాక అది అందరికీ తెలిసిపోయింది. కాబట్టి మళ్లీ జాతర, డప్పులు, స్లోమోషన్... అది మీకొద్దు. అంతకన్నా ఆయనే బాగా తీశారు, ఆయన దగ్గర డబ్బుంది.

మీరు తీయాల్సింది జాతరకు గంట ముందు, ఇంట్లో. పిల్లాడికి చిన్నప్పుడు జబ్బు చేస్తే ‘వేషం వేయిస్తానమ్మా’ అని తల్లి మొక్కుకుంది. పిల్లాడిప్పుడు డిగ్రీ రెండో ఏడు. మీసం ఇప్పుడిప్పుడే ఒత్తుగా వచ్చింది. దాన్ని చూసుకుని మురిసిపోతున్నాడు. క్లాసులో ఒకమ్మాయి ఆ వీధిలోనే ఉంటుంది. తల్లి చీర మడత విప్పి నిలబడింది. ఇక కథ మీరే చెప్పండి. వాడు ‘నేను మొక్కలేదు కదా, నువ్వు మొక్కావు’ అంటే తల్లి ఏమంటుంది? అద్దం ముందు తల్లి చీర కట్టుకున్న కొడుకు తనలో ఎవరిని చూస్తాడు? గుడిదాకా వెళ్లక్కర్లేదు. వీధి గడప దాటితే సినిమా అయిపోయింది.

ఒక మాట. జాతరలో వేషం వేసినవాళ్ల ముఖం మీదికి ఫోను పెట్టి తీసేయడం వేరు, అడిగి తీయడం వేరు. అక్కడ ఉన్నది వాళ్ల మొక్కు, మన సెట్టింగు కాదు. అట్లాగే కొండ మీద అనుమతి లేకుండా షూటింగులు కుదరవు, డ్రోను సంగతి అసలే తలపెట్టొద్దు. కొండ కింద ఉన్న కథలకే ఈ జన్మ చాలదు.

శనివారం పావలా

ఇప్పుడు ఒక్క కథను పట్టుకుని మొదటినుంచి చివరిదాకా నలుపుదాం. చెప్పడం తేలిక, చేసి చూపించడమే కష్టం కదా.

వస్తువు: ముడుపు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో దేవుడి గూట్లో పసుపుగుడ్డలో మూట కట్టి ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు కట్టింది, కొండకెళ్లినప్పుడు హుండీలో వేయాల్సింది. అంతవరకూ ఎవరూ విప్పకూడదు. ఎవరూ విప్పకూడనిది ఇంట్లో ఉందంటేనే కథ సగం అయిపోయినట్టు. ఇక విప్పాల్సిన అవసరం ఒకటి తేవాలి.

కొడుకు ఇంజినీరింగు. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు 1,900 రూపాయలు. రేపే ఆఖరు. ఇంట్లో డబ్బు లేదు.

హాస్టల్ గదిలో మొదటిసారి వచ్చే వరస ఇది. కొడుకు రాత్రి దొంగతనంగా ముడుపు విప్పుతాడు. పొద్దున బైకు మీద వెళ్తుంటే యాక్సిడెంటు. ‘దేవుడి సొమ్ము’ అని తెరమీద అక్షరాలు. ఛీ! పరీక్ష ఫీజు కట్టాడని పిల్లాడి కాలు విరగ్గొట్టే దేవుడెవరండీ? ఏడుకొండలవాడి మీద ఇంత నింద వేయొద్దు.

రెండోసారి కాస్త మెరుగవుతుంది. కొడుకు తీస్తాడు, తల్లికి తెలుస్తుంది, ఏడుస్తుంది, కొడుకు కాళ్ల మీద పడతాడు, సంగీతం. ఇందులో తప్పేం లేదు, కానీ మొదటి నిమిషంలోనే చివరి నిమిషం తెలిసిపోతుంది. పైగా కెమెరా ఎప్పుడూ కొడుకు మీదే. సినిమా తీసేది కుర్రాళ్లు గనక హీరో కూడా కుర్రాడే అయి ఉండాలని ఎవరు రాశారో తెలీదు.

మూడోసారి కెమెరాను పక్కకు జరిపి తల్లి మీద పెడదాం. తీసేది కొడుకు కాదు, తల్లే తీస్తుంది. ఇప్పుడు చూడండి, దొంగతనం పోయింది, అసలైన సంకటం వచ్చింది. ఎవరి ప్రాణం కోసం ఆ ముడుపు కట్టిందో వాడి కోసమే దాన్ని విప్పాలి. ఆవిడకు దేవుడంటే భయమా? భయం కన్నా లెక్క ఎక్కువ. ఇక్కడి ఆడవాళ్లకు స్వామితో ఉన్నది లావాదేవీ సంబంధం. ఆయన మాత్రం? పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడనే కదా వడ్డికాసులవాడన్నారు! అప్పుబాధ తెలిసిన దేవుడు. అలాంటి ఆయన దగ్గర అప్పు అడగడానికి మొహమాటమెందుకు?

‘‘సామీ, పిల్లోడి ఫీజు కట్టేది ఉండాది. నీ దుడ్లు నీకు ఇచ్చేస్తాలే, వడ్డీతో’’ అని ముడి విప్పుతుంది.

అందులో ఏముంటుంది? పిల్లాడికి మూడేళ్లప్పుడు, 2007లో, జ్వరం వస్తే కట్టిన ముడుపనుకుందాం. అప్పటినుంచి ప్రతి శనివారం ఒక నాణెం. మొదట పావలాలు, తర్వాత రూపాయి, రెండు, చేయి కాస్త ఆడినప్పుడు ఐదు. స్టీలు పళ్లెంలో పోసి రాత్రంతా లెక్కపెడుతుంది. ఈ చప్పుడు మీ సినిమాకు సంగీతం, వేరే ఏదీ వేయొద్దు. మొత్తం 1,940. ఫీజుకు సరిపోగా ఇంకో నలభై మిగిలింది. నవ్వుతుంది.

పొద్దున్నే కిరాణాకొట్టు. ఇప్పుడు ఫీజులన్నీ ఫోన్లోనే కదా, కొట్టాయన చిల్లర తీసుకుని ఫోన్‌పే చేస్తానన్నాడు. లెక్కపెడుతూ కొన్ని పక్కకు నెట్టేస్తుంటాడు. పావలాలు! 2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు పోయింది. 208 పావలాలు. నాలుగేళ్ల శనివారాలు. విలువ 52 రూపాయలు. మిగిలింది 1,888. ఫీజుకు పన్నెండు రూపాయలు తక్కువ.

చూశారా, ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే అడ్డంకి వచ్చింది. కొట్టాయన దుర్మార్గుడు కాదు, దేవుడూ కోపగించలేదు. ప్రభుత్వం ఒక నాణేన్ని ఆపేసింది, అంతే. పన్నెండు రూపాయలు పోపుల డబ్బాలోంచి వస్తాయి. ఆ డబ్బా అడుగున గోరుతో ఆవాలు నెట్టి తీసే షాటు ఒకటి పెట్టుకోండి.

సాయంత్రం ఫీజు కట్టి కొడుకొస్తాడు. అప్పటిదాకా వాడికి ఇది మామూలు ఫీజే. తల్లి పసుపుగుడ్డ పరిచి కూర్చుని ఉంటుంది. అందులో 208 పావలాలు ఉన్నాయి. బజారులో చెల్లవు గానీ హుండీలో వేస్తే వద్దనేవాళ్లెవరు? కాబట్టి ముడుపు ఖాళీ కాలేదు. కాగితం, పెన్ను ఇచ్చి ‘రాయి’ అంటుంది. వెంకటరమణస్వామికి... 1,888 రూపాయలు... అప్పు. వాడు నవ్వుతూ రాయడం మొదలుపెడతాడు, సగంలో నవ్వు ఆగిపోతుంది. కింద సంతకం ఎవరిది? తల్లిది అనుకుని కాగితం ఆమెకిస్తే, ఆమె తిరిగి వాడికే ఇస్తుంది. వాడు సంతకం పెడతాడు. చీటీ మడిచి పావలాల మీద పెట్టి, ఆమె ముడి వేస్తుంది.

ఇంతే. ఒక ఇల్లు, ఒక కొట్టు, ముగ్గురు మనుషులు. కొండ ఎక్కనక్కర్లేదు, గుడి చూపించనక్కర్లేదు. ఆ 208 పావలాలు సంపాదించడమే ప్రొడక్షన్ మేనేజరుకు పెద్ద పని. నాలుగిళ్లు తిరిగితే దేవుడి గూళ్లలోనే దొరుకుతాయి. తిరిగేటప్పుడు ఆ ఇళ్లవాళ్లు తమ ముడుపు సంగతి చెబుతారు. ఇంతకన్నా మంచి కథ అక్కడ దొరికితే దీన్ని పారేయండి.

యాస సంగతి

మాటలు రాసేటప్పుడు మన కుర్రాళ్లు రెండు రకాలుగా జారతారు. టీవీ తెలుగులోకి పోతారు, లేదా సినిమాల్లో విన్న సీమ తెలుగులోకి. రెండోది ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి సినిమాల్లో సీమ యాస అంటే విలన్‌దో కమెడియన్‌దో. అది వినీ వినీ, చిత్తూరు కుర్రాడు కూడా సొంత అమ్మ పాత్రకు మాటలు రాయమంటే కోస్తా తెలుగు రాసి, రౌడీ పాత్రకు మాత్రం ఇంటి యాస రాస్తాడు. ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ జబ్బుకు మందు మన దగ్గరే ఉంది. నామిని సుబ్రమణ్యం నాయుడు ‘పచ్చ నాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ తెచ్చి తిరగేయండి. ఇక్కడి అమ్మలూ అవ్వలూ ఎలా మాట్లాడతారో వినిపిస్తుంది. మధురాంతకం రాజారాం దామలచెరువులో ఉండి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ రాసిన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. వాటిలో పది నిమిషాల సినిమాలకు సరిపడేవి ఎన్నో. అయితే కథ తీసుకుంటే చెప్పి తీసుకోండి. రచయిత పోయాక కూడా అరవయ్యేళ్లు హక్కులు కుటుంబానివే. రాజారాంగారు పోయింది 1999లో. అడగాలి. విద్యార్థులం, సరదాగా తీసుకుంటున్నాం అంటే చాలామంది సంతోషంగా సరేనంటారు, అడక్కుండా తీస్తేనే మనసు కష్టపడేది.

చెవికి ఇంకో బడి పల్లెవెలుగు బస్సు. చిత్తూరు నుంచి వేలూరు వైపు వెళ్లేది ఎక్కితే ఒకే వాక్యంలో తెలుగు మొదలై అరవంలో ముగుస్తుంది. కుప్పం వైపు వెళ్తే కన్నడం కలుస్తుంది. ‘సినిమా బండి’ చూడండి, 2021లో వచ్చింది. రాజ్, డీకేలే నిర్మాతలు, ప్రవీణ్ కాండ్రేగుల దర్శకుడు. ఆటోలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరికితే ఆటో డ్రైవరు ఊరందరితో సినిమా తీయాలనుకుంటాడు. ఆంధ్రా కర్ణాటక సరిహద్దు తెలుగు అందులో ఎంత హాయిగా ఉంటుందో. ఎవరూ యాస ‘పలకరు’, మాట్లాడతారంతే.

రాసిన మాటల్ని అమ్మకో అవ్వకో చదివి వినిపించండి. ‘మనం ఇట్లంటామా?’ అని ఆమె అడిగిందంటే అక్కడ కొట్టేయాలి. ఇది ఏ స్క్రీన్‌ప్లే పుస్తకంలోనూ ఉండదు గానీ బాగా పనిచేస్తుంది.

సోమవారం గడువు ఉంది కాబట్టి శుక్రవారం సాయంత్రమే ఇంకో పని కూడా చేయొచ్చు. ఫోను తీయకముందే కథను టీకొట్టాయనకు నోటితో చెప్పండి. రెండు నిమిషాల్లో. షాట్లూ యాంగిళ్లూ చెప్పొద్దు. ‘ఆ తర్వాత?’ అని ఎక్కడ అడిగాడో గుర్తుపెట్టుకోండి. ఎక్కడ గ్లాసులు కడగడానికి తిరిగిపోయాడో అదీ గుర్తుపెట్టుకోండి. ఆ రెండో చోట కత్తెర వేయాలి.

ముడుపు కథ ఇలాగే చెప్పారనుకోండి. అప్పు కాగితం దగ్గరికి వచ్చేసరికి, ఈ ప్రాంతం మనిషి ఎవరైనా ఒక మాట అడక్కుండా ఉండడు: ‘‘వడ్డీ ఎంత రాసింది?’’

అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చీటీ మీద అంకె వేయడం మర్చిపోయాం. నూటికి రూపాయా, రెండా? స్వామివారికి మన వాళ్లు ఏ లెక్కన కడతారు? ఇంటికి వెళ్లి అమ్మను అడగాలి.